నాన్నగారి ఫోన్

నాన్నగారిది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. ఆయన పోయాక ఫోన్ నా దగ్గరే ఉంటోంది. కర్మకాండ అయిపోయినా కొట్టు తెరవబుద్ధి కాలేదు. తెల్లారకముందే ధర అడుగుతూ ఊళ్ళ నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఆయన లేరని ఒక్కొక్కరికీ చెప్పాలి. పోయింది మా నాన్నగారు, ఓదార్చాల్సింది వాళ్ళని. విసుగొచ్చేసింది.

ఈ ఉదయం జంగారెడ్డిగూడెం నుంచి ఒక పెద్దాయన చేశారు.

"ఏవండీ, ఇవాళ ఉల్లి ఎలా ఉందండీ?"

చెప్పే ఓపిక లేక, పక్క కొట్టువాళ్ళ దగ్గర విన్న ధర చెప్పేశాను.

"గొంతు అలా ఉందేంటండీ, జలుబు చేసిందా?"

నన్ను నాన్నగారనుకున్నారు. "అవునండీ" అన్నాను.

"మిరియాల పాలు తాగి పడుకోండి. మీ అబ్బాయి ఉన్నాడు కదా, కొట్టు చూసుకుంటాడు."

"చూసుకుంటాడు లెండి" అన్నాను.