తిరువూరు స్లిమ్మింగ్ సెంటరు, రూతు మేడమ్

పోయిన నెల విజయవాడలో ఒక క్లినిక్కుకు తనిఖీకి వెళ్లాను. అద్దం తలుపు తోయగానే ఏసీ చల్లదనంతో పాటు నిమ్మగడ్డి నూనె వాసన ముఖానికి తగిలింది. కాస్త ఆగి, దాని వెనకాలే స్పిరిట్ వాసన. ఆ రెండు వాసనలూ కలిసి వస్తే నాకు తిరువూరు బస్టాండు రోడ్డులో ఒక మేడ మెట్లు గుర్తొస్తాయి. ఆ మెట్ల మీద ఆగి ఊపిరి తీసుకుంటున్న డాక్టర్ రూతు గుర్తొస్తారు. "ఏంటి మేడమ్, ఆగిపోయారు?" అని నాతో వచ్చిన ఇన్‌స్పెక్టరు అడిగారు. ఏమీ లేదన్నాను. ఇంటికి వచ్చాక మాత్రం ఇది రాయకుండా ఉండలేకపోయాను.

అప్పట్లో నేను ఎ.కొండూరు పీహెచ్‌సీలో కొత్తగా చేరిన డాక్టర్ని. రూతు మేడమ్ మా ప్రాంతానికి ఉప వైద్యాధికారి. తల్లిదండ్రులు రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లో కూలికి వెళ్లినవాళ్లు. ఆవిడ చర్చి హాస్టల్లో ఉండి చదువుకుని డాక్టరయ్యారు. మనిషి బాగా లావు. ఆ సంగతి ఆవిడ దాచుకునేవారు కాదు కాబట్టి నేనూ దాచను. జీపు ఎక్కుతూ, "ఉండు నాయనా, బండి ఒరిగేను" అని డ్రైవరుతో తనే నవ్వేవారు. కానీ ఆవిడ ఎదుట ఎవరైనా మరొకరి ఒంటిని చూసి నవ్వితే ఆవిడ ముఖంలో నవ్వు ఉండేది కాదు. అవతలివాడికి తన నవ్వు తనకే వినపడేంత సేపు ఊరికే చూస్తూ ఉండేవారు. గొంతు పెంచి మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు.

ఆ ఏడాది తిరువూరులో సన్నబడేవాళ్ల కోసం ఒక సెంటరు వెలిసింది. ఒకే మనిషి ముందు లావుగా, తర్వాత సన్నగా ఉన్న ఫొటోలతో ఊరంతా ఫ్లెక్సీలు. తిండి మానక్కర్లేదు, నడవక్కర్లేదు, వారానికొక సూది చాలు అని రాశారు. కొన్నాళ్లకు మా పీహెచ్‌సీకి వాంతులతో మనుషులు రావడం మొదలైంది. ఏ మందు వేశారని అడిగితే, "సన్నబడే సూదండి, పేరు తెలీదు" అనేవారు. నేను మేడమ్‌కి ఫోన్ చేశాను. "పేరు తెలియని మందు ఒంట్లోకి పోతోందా? రేపు పొద్దున్నే వెళ్దాం, నువ్వూ రా అమ్మాయ్" అన్నారు.

మెట్లెక్కి లోపలికి వెళ్లగానే నిమ్మగడ్డి నూనె, స్పిరిట్ కలిసిన వాసన తగిలింది. కౌంటరు దగ్గరున్న అమ్మాయి లేచి వచ్చి మేడమ్‌కి కుర్చీ లాగి వేసింది. చేతుల్లేని వెడల్పాటి కుర్చీ. "రండి ఆంటీ, కూర్చోండి. మెట్లెక్కి అలిసిపోయినట్టున్నారు. ఇంకొన్నాళ్లు పోతే ఇవే మెట్లు పరిగెత్తుతూ ఎక్కేస్తారు చూడండి." మేం ఎవరమో చెప్పబోతే మేడమ్ నా చెయ్యి మీద చెయ్యి వేశారు. కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, నిదానంగా అడిగారు.

"సూది ఎవరు వేస్తారమ్మా?"

"నేనే వేస్తాను ఆంటీ. నొప్పే తెలీదు."

"నర్సింగ్ చదివావా?"

"లేదండి, ఇంటరు. మా సార్ నేర్పించారు."

"మీ సార్ డాక్టరా?"

"కాదండి, సార్ మేనేజ్‌మెంటు. డాక్టరు గారు హైదరాబాద్‌లో ఉంటారు. అవసరమైతే ఫోన్లో మాట్లాడతారు."

ఆ అమ్మాయి అబద్ధమాడడం లేదు. అందులో తప్పేముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. మేడమ్ అప్పుడు తానెవరో చెప్పారు. అమ్మాయి ముఖం పాలిపోయింది. "భయపడకమ్మా. లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతూనే మేడమ్ లేచారు. గోడమీది సర్టిఫికెట్ల వైపైనా చూడకుండా తెర తప్పించుకుని లోపలి గదిలోకి నడిచారు.

మంచం మీద నలభై ఏళ్లు దాటిన ఒకావిడ పడుకుని ఉంది. పేరు అనసూయ అని తర్వాత తెలిసింది. రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటలున్న రైతు కుటుంబం. జాకెట్టు చెమటతో తడిసిపోయింది, వేళ్లు వణుకుతున్నాయి. "అది మంచిదేనండి, కొవ్వు కరుగుతుంటే చెమటలు పోస్తాయని సార్ చెప్పారు" అంది అమ్మాయి మా వెనక నుంచి.

మేడమ్ ఆమె చెయ్యి పట్టుకున్నారు. "నీ పేరేంటి తల్లీ?" అనసూయ పెదవులు కదిపింది గాని చెప్పింది పేరు కాదు, ఏదో ముద్దమాట. "సుగర్ బిళ్లలు మింగుతున్నావా? పొద్దున్న ఏమైనా తిన్నావా?" తల అడ్డంగా ఊపింది, రెండింటిలో దేనికో తెలియలేదు. నా సంచిలోని మిషన్‌తో రక్తం చూశాం. చక్కెర బాగా పడిపోయి ఉంది.

"పంచదార తెండి" అన్నారు మేడమ్. అమ్మాయి అటూ ఇటూ చూసింది. సన్నబడడానికి వచ్చే ఆ చోట పంచదార పలుకు గాని, గ్లూకోజు గాని లేవు. ప్రాణం మీదికి వస్తే వాడే మందు ఒక్కటీ లేదు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి ఎదురుగా ఉన్న టీ కొట్టుకు పరిగెత్తాను. "అన్నా, పంచదార, తొందరగా!" అంటే కొట్టాయన నా ముఖం చూసి డబ్బా డబ్బాయే చేతిలో పెట్టాడు. తిరిగి వచ్చేసరికి మేడమ్ ఆమెను లేపి కూర్చోబెట్టి, వీపుకు తన భుజం ఆనించి, మింగగలుగుతోందో లేదో చుక్క నీళ్లు పోసి చూస్తున్నారు. పంచదార నీళ్లు కొంచెం కొంచెంగా పట్టించారు. "మింగు తల్లీ. ఇంకొక్క గుక్క. ఎక్కడికీ పోవులే, నేనున్నాను." కాసేపటికి అనసూయ కళ్లు తెరిచి, "మా ఆయనకి చెప్పకండి, ఆయనకి తెలీకుండా వచ్చాను" అంది. నాకు ఏడుపు వచ్చింది. మేడమ్ మాత్రం "అలాగేలే, ముందు ఆసుపత్రికి పోదాం, చెప్పేది నువ్వే చెబుదువుగాని" అన్నారు. పొద్దున్న ఏమీ తినకుండానే సుగర్ బిళ్ల మింగానని అప్పుడు చెప్పింది. ఆ బిళ్ల పని చేస్తున్నంత సేపూ చక్కెర మళ్లీ పడిపోవచ్చని, మేడమ్ అంబులెన్సులో తనే పక్కన కూర్చుని తీసుకువెళ్లారు.

మధ్యాహ్నం మేడమ్ ఆసుపత్రి నుంచి సెంటరుకు తిరిగి వచ్చేసరికి దాని యజమాని వచ్చి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మంచి మాటకారి. "మాది ఆసుపత్రి కాదు మేడమ్, వెల్‌నెస్ సెంటరు. బ్యూటీ పార్లరు లాంటిది. నగర పంచాయతీ లైసెన్సు ఉంది. మీ ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ మాకు అక్కర్లేదు."

"సూది గుచ్చుతున్నావా లేదా బాబూ?"

"గుచ్చుతున్నాం గానీ..."

"గుచ్చితే ఆసుపత్రే."

అక్కడికక్కడే మూయించారు. మళ్లీ తెరవనివ్వమని ఎవరో పెద్దమనిషి నుంచి ఫోన్ వచ్చింది. మేడమ్ అంతా విని, "అలాగేనండి. ఒకసారి ఆసుపత్రికి వచ్చి అక్కడ పడుకున్న ఆవిడను చూడండి, ఆ తర్వాత మీరే చెప్పండి" అన్నారు. ఆయన రాలేదు, మళ్లీ ఫోన్ కూడా చేయలేదు.

కథ అక్కడితో అయిపోయిందని నేను అనుకున్నాను. రెండు మూడు రోజుల్లోనే ఆ సెంటరుకు వెళ్లే ఆడవాళ్ల గుంపు ఒకటి మేడమ్ ఆఫీసుకు వచ్చింది, కోపంగా. అందరికంటే ముందు నిలబడింది కాలేజీ లెక్చరరు శ్రీలక్ష్మి. "మాకున్న ఒక్క దారీ మూసేశారు. మీరూ లావుగానే ఉన్నారుగా మేడమ్. ఇంకెవరికి తెలియకపోయినా మీకు తెలియాలి కదా?"

గది గదంతా బిగుసుకుపోయింది. గదిలోని కుర్చీలకు ఇరుకు చేతులున్నాయి. మేడమ్ వరండాలోంచి బల్లలు తెప్పించి వాళ్లను కూర్చోబెట్టారు. "చెప్పండమ్మా, వింటాను" అన్నారు. ఒక్కొక్కరే చెప్పారు. బస్సులో రెండు టికెట్లు కొట్టమంటావా అని కండక్టరు నవ్వాడని ఒకరు. చివరగా శ్రీలక్ష్మి చెప్పింది. "మోకాళ్ల నొప్పని డాక్టరు దగ్గరికి పోతే నోరు కట్టుకోమంటాడు మేడమ్. మోకాలు మాత్రం చూడడు. ఆ సెంటరులో మమ్మల్ని చూసి ఎవరూ నవ్వలేదు. రా అక్కా, కూర్చో అన్నారు."

"నాకూ ఆ పిల్ల కుర్చీ లాగి వేసింది" అన్నారు మేడమ్. "నిజం చెప్పాలంటే బాగానే అనిపించింది. ఆ మాట ముందు మా నోటి నుంచి రావాల్సింది. సన్నబడాలనుకోవడం తప్పు కాదమ్మా. కానీ అక్కడికి వెళ్లినవాళ్లు క్షేమంగా ఇంటికి రావాలి కదా. ఆ మందు మంచిదే కావచ్చు. ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో రక్తం చూసి చెప్పే డాక్టరు ఎదురుగా ఉండాలి. తేడా వస్తే అక్కడే పట్టుకునే మనిషి ఉండాలి. అడగండి. మీరు అడిగితే వాళ్లు పెడతారు."

వాళ్లు వెళ్లిపోయాక, ఆ సెంటరును శాశ్వతంగా మూయించేద్దామని నేనన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. "మూస్తే వీళ్లు ఆగుతారా? మందు తెప్పించుకుని ఇంట్లోనే పొడుచుకుంటారు. సరిగ్గా నడిపించడం కష్టం, మూసేయడం తేలిక. మనకి జీతం ఇస్తున్నది కష్టమైన పనికి." యజమానిని పిలిపించి ఏమేం ఉండాలో నిదానంగా చెప్పారు: సూది వేసేటప్పుడు అర్హత ఉన్న డాక్టరు, ముందుగా రక్త పరీక్షలు, అత్యవసర మందులు, అబద్ధాలు లేని ప్రకటనలు. అతను అన్నింటికీ తల ఊపాడు. ఆ తర్వాత సామాను లారీకెక్కించుకుని సరిహద్దు దాటి తెలంగాణలో పక్క ఊరికి వెళ్లి అదే బోర్డు పెట్టుకున్నాడు. అక్కడ మా మాట చెల్లదు. మేడమ్ అక్కడి అధికారికి ఫోన్ చేశారు, ఉత్తరం రాశారు, మళ్లీ ఫోన్ చేశారు. మనిషిలో నిరాశ కనిపించింది. ఓడిపోయాం అనే మాట మాత్రం అనలేదు.

ఈలోగా గురువారం మధ్యాహ్నాలు మా పీహెచ్‌సీలోనే బరువు సమస్య ఉన్నవాళ్లను చూడడం మొదలుపెట్టాం. బరువు చూసే మిషన్‌కు తెర కట్టించారు మేడమ్. మొదటి గురువారం అనసూయ వచ్చింది, భర్తను వెంటబెట్టుకుని. తరువాత కొందరు వచ్చారు, కొందరు మానేశారు. శ్రీలక్ష్మి అసలు రానేలేదు. ఆమెకు మా మీద కోపం తగ్గలేదని అనుకున్నాం.

ఒక సాయంత్రం మేం జీపులో వస్తుంటే మేడమ్ ఫోన్ మోగింది. స్పీకరు పెట్టారు. వెనకాల బస్సు హారన్లు వినపడుతున్నాయి. "మేడమ్, శ్రీలక్ష్మినండి. తెలంగాణలో పెట్టిన ఆ సెంటరుకి వెళ్లానండి. ఆ సార్ సూది తీశాడు. డాక్టరు గారేరీ అన్నాను. నాకు పడకపోతే ఏం చేస్తారన్నాను. ఎప్పుడూ ఎవరూ అడగలేదే అని విసుక్కున్నాడండి. నేను లేచి వచ్చేశాను. నాతో పాటు ఇంకో ఇద్దరు లేచొచ్చారు. బస్సులో ఉన్నాం." మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "జాగ్రత్తగా రామ్మా" అన్నారు. కొన్ని నెలలకు అక్కడి అధికారులూ కదిలారు. ఆ సెంటరులో ఇప్పుడు ఒక డాక్టరమ్మ కూర్చుంటున్నారట.

రూతు మేడమ్ రిటైరై, నిరుడు వేసవిలో నిద్రలోనే వెళ్లిపోయారు. అంత్యక్రియల రోజు చర్చిలో మొదటి వరసలో శ్రీలక్ష్మి కూర్చుని ఉంది. ఆమె ఏమీ సన్నబడలేదు, కానీ తల ఎత్తుకుని కూర్చుంది.

ఇప్పుడు తనిఖీలకు నన్ను పంపుతున్నారు. గోడ మీది సర్టిఫికెట్లకంటే ముందు తెర తీసి లోపల పడుకున్న మనిషి పేరు అడుగుతాను. మిగతా రోజుల్లో నా ఓపీలో కూర్చుంటాను. లావుపాటి ఆడమనిషి ఎవరైనా కుంటుతూ వచ్చి, తిట్టబోతున్నారని ముందే తెలిసినట్టు తల వంచుకుని "మోకాలు డాక్టరమ్మా" అంటే, కుర్చీ ముందుకు జరుపుకుని మోకాలు చూస్తాను. మడిచి చూస్తాను, చాచి చూస్తాను, ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపించమంటాను. బరువు సంగతి ఆ తర్వాత, అదీ ఆమె అడిగితేనే.