నీళ్ళున్న చెక్‌డ్యాం

తొంభైల చివర్లో, ఆ తర్వాత కొన్నేళ్ళూ వేసవి సెలవుల్లో నాకు చెక్‌డ్యాంలు చూసే పని ఉండేది. మదనపల్లెలో కాలేజీ పిల్లలకు భూగోళం చెప్పేదాన్ని. వాగుల మీద ప్రభుత్వం కట్టించిన అడ్డుగోడలు పనిచేస్తున్నాయా అని కట్టినవాళ్ళనే అడిగితే ఏం చెబుతారో అందరికీ తెలుసు. అందుకని ఆ శాఖతో ఏ సంబంధమూ లేనివాళ్ళ చేత చూపించాలని నియమం పెట్టారు. అలా నేనూ, ఎప్పుడో రిటైరైన ఒక ఇంజనీరుగారూ జట్టయ్యాం. మాకొక పాత జీపు ఇచ్చారు. అది పుంగనూరు చేరేలోపే పొగలు కక్కేది. ఏ ఊళ్ళో ఆగినా డ్రైవరు ముందు దానికి నీళ్ళు అడిగేవాడు, ఆ తర్వాతే మాకు.

మేం మంచి మార్కులు వేసిన ఊరికే రెండో చెక్‌డ్యాం ఇస్తారు. అయితే దేన్ని బట్టి మార్కులు వేస్తామో ఊరివాళ్ళకు చెప్పకూడదు. చెబితే దానికి తగ్గట్టు సర్దిపెడతారని పైవాళ్ళ భయం. పరీక్ష పేపరు ముందే ఇచ్చే అలవాటు నాకూ లేదు గనక నాకది న్యాయంగానే తోచింది. అయితే చెప్పకపోయినా వాళ్ళు సర్దుతూనే ఉండేవాళ్ళు. కుప్పం వైపు, గుడుపల్లె దగ్గర ఒక ఊళ్ళో గోడకు సున్నం కొట్టి, ముందు ముగ్గేసి, మమ్మల్ని పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా కూర్చోబెట్టారు. సున్నం కింద పగులుందని వేలు పెడితే గాని తెలియలేదు. నిమ్మనపల్లె వైపు ఇంకో ఊళ్ళో, గోడ వెనక చుక్క నీళ్ళు లేవని తప్పు చేసినవాళ్ళలా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫరవాలేదులెండి అనడం తప్ప ఇంకేమీ చెప్పే వీల్లేదు మాకు.

నేను చెప్పబోయే ఊరు పుంగనూరుకు అవతల ఉంది. మేం వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండలు ముదిరి దారి పొడుగునా కుంటలన్నీ నెర్రెలిచ్చి ఉంటే, ఇక్కడి చెక్‌డ్యాంలో మాత్రం మోకాటిలోతు నీళ్ళున్నాయి. చెక్‌డ్యాం బాగోగులు చూసే ఊరి సంఘం ప్రెసిడెంటు, తెల్లచొక్కా పెద్దాయన, పక్కన నిలబడి మా మొహాలు చూస్తున్నాడు. ఆ ఎండలో నీళ్ళు చూస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది, నాకూ వచ్చింది. అనుమానం కాస్త ఆలస్యంగా వచ్చింది. మా ఎర్రనేలల్లో వాగునీళ్ళు ఎప్పుడూ టీ రంగులోనే ఉంటాయి. ఇవేమో అడుగున గులకరాళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయి. గోడ తర్వాత పక్కనున్న బోర్లు చూడటం మా పద్ధతి, అటు నడిచాం.

అన్నిటికంటే దగ్గరగా ఉన్న బోరు ఒకామెది. ఒంటరిగా సేద్యం చేసుకునే మనిషి. బోరు చుట్టూ ఆమె టమోటా తోట ఉంది. పిందె పట్టే సమయం, ఆకులు మాత్రం వేలాడిపోతున్నాయి. మోటారు వేయమన్నాం. పైపు కాసేపు దగ్గి, గాలి వదిలి, వేలంత లావు ధార పోసి ఊరుకుంది. ఇంజనీరుగారు పెదవి విరిచారు. గోడ వెనక నీళ్ళుండి పక్కనే బోరు ఎండిందంటే ఆ నీళ్ళు భూమిలోకి దిగడం లేదన్నమాట, చోటే మంచిది కాదు, వాగు ఎగువన రెండో చెక్‌డ్యాం కట్టడం దండగ అని నాతో అంటూ రాయబోయారు. ఆ రెండోది రావాల్సింది ఆమె పొలం తలాపునే. అది వస్తే తన బోరు నిలబడుతుందని ఆమె ఆశ.

ఆమే నోరు విప్పింది. "రాయొద్దు సార్. ఆ నీళ్ళు వాగువి కాదు, నా బోరువే. మీరొస్తాండారని పోసినాం."

మిగతాది మెల్లగా చెప్పుకొచ్చింది. నిమ్మనపల్లె వైపు ఊళ్ళో గోడ ఎండి ఉండటం చూసి మేం ఫరవాలేదని ఒక్క మాటనేసి వెళ్ళిపోయామట. ఇక ఆ ఊరికి రెండోది రానట్టేనని పుకారు పుట్టింది. అందుకే సంఘం వాళ్ళు వచ్చి అడిగితే ఈమె ఒప్పుకుంది. కరెంటు ఇచ్చినప్పుడల్లా, తోటకు పారాల్సిన నీళ్ళన్నీ పైపేసి వాగులోకి వదిలింది.

ఇంజనీరుగారు కలం మూసేశారు. చెప్పకూడదన్న నియమం ఆయనకప్పుడు గుర్తు రాలేదో, గుర్తొచ్చినా లెక్కచేయలేదో నాకు తెలియదు.

"ఎండాకాలంలో అది ఎండిపోయుంటేనే మంచిదమ్మా. నీళ్ళు కిందికి దిగినాయని అర్థం. ఎండిన గోడకే మేం మంచి మార్కులేసేది."

ఆమె వాగు వైపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. నాకు మాత్రం కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. ఆ నీళ్ళెక్కడికీ పోవు, కొన్నాళ్ళకు మళ్ళీ నీ బోరుకే దిగుతాయి అని ఇంజనీరుగారు సర్దిచెప్పబోయారు.

"బోరుకొస్తాయి సార్. అంతవరకూ చెట్టు ఆగల్ల గదా," అందామె.

ఆయన ఉన్నదున్నట్టు రాసి, రెండో చెక్‌డ్యాం కట్టొచ్చని సిఫారసు చేశారు. మరుసటి ఏడు అది వచ్చింది, బాగానే పనిచేసిందని విన్నాను. ఆ యేటి టమోటాకు మాత్రం అక్కరకు రాలేదు.

బోరు మోటారుతో వాగులోంచి తోడలేరు గనక ఆ నీళ్ళు తిరిగి తోటకు మోయడానికి ఆ మధ్యాహ్నం వాళ్ళకు బిందెలే గతయ్యాయి. ప్రెసిడెంటు తెల్లచొక్కా విప్పి గట్టున పెట్టి నీళ్ళలోకి దిగాడు. సంఘం వాళ్ళూ దిగారు. మేం జీపెక్కాం. డ్రైవరు బానెట్ ఎత్తి, అలవాటు ప్రకారం నీళ్ళు కావాలని కేకేశాడు. ఆమె ముంచిన మొదటి బిందె చంకనెత్తుకుని, తోట వైపు వెళ్ళకుండా మా వైపు వచ్చింది. వద్దు, చెట్లకు పోసుకో అన్నాను.

"దోవలో నిలిచిపోతే యాడ దొరుకుతాయమ్మా నీళ్ళు," అంటూ బిందె డ్రైవరు చేతికిచ్చింది.

జీపు అంతా తాగేసింది.