నాలుగింటికీ సెన్సార్ లేదు

యెషయా గారు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. ఢిల్లీ మునిర్కాలో మా పై వాటాలో ఉండేవారు. ఒంగోలు వదిలి ఇరవై ఏళ్ళయినా ఆయనకు రెండు కోరికలు తీరనే లేదు. ఒకటి కారు, రెండోది మా తెలుగు చర్చిలో సంఘపెద్ద పదవి. రెండు వేల తొమ్మిదిలో కారు వచ్చింది. దేశం వదిలి వెళ్తున్న డాక్టరొకాయన తన పాత ఫారిన్ కారును ఈయనకు చవగ్గా ఇచ్చేసి పోయాడు. సంఘపెద్ద ఎన్నిక కూడా దగ్గర్లోనే ఉంది.

కారుతో ఒకటే పేచీ. టైర్లలో గాలి తగ్గిందంటూ స్టీరింగు ముందు పసుపు దీపం వెలిగేది. పంక్చర్ షాపతను కొలిచి "ఫుల్ హై, అంకుల్", నిండుగానే ఉందనేవాడు. దీపం ఆరేది కాదు. ఈయన మళ్ళీ గాలి కొట్టించేవారు. చివరికి ఎంత కొట్టించారంటే, గతుకొస్తే కారు బంతిలా ఎగిరేది.

నర్సుగా చేసే భార్య జయకుమారి గారికి విసుగొచ్చింది. "పేషెంటు నవ్వతా కబుర్లు చెబతంటే, మానిటరేమో చచ్చిపోయాడంటంది. ఎవర్ని చూడాలండీ? ముందు ఆ గాలి తీయించండి!"

ఫారిన్ కార్లు తెలిసిన మెకానిక్ ఒకడు చేతిమిషన్‌తో నాలుగు చక్రాలనూ పలకరించాడు. ఒక్కటీ పలకలేదు. టైరు విప్పితే, వాల్వు వెనక అగ్గిపెట్టెంత డబ్బా ఉంది. గాలి ఎంతుందో కారుకు కబురు చెప్పే సెన్సార్ అదేనట. వయసు మీరి అందులో బ్యాటరీ చచ్చింది. మిగతా మూడింటిదీ అదే కథ. పనికిరావని నాలుగూ పీకేశాడు.

శుక్రవారం ప్రార్థన కూటం అయ్యాక యెషయా గారు మెట్ల మీద నిలబడి భార్యకు ఫోన్ చేశారు. ఆయన మాట్లాడితే అవతలివాళ్ళకు ఫోన్ అక్కర్లేదు.

"నాలుగింటికీ సెన్సార్ లేదంట జయా! అన్నీ ఫారినువే. ఇక్కడ దొరకవంట. నువ్వు డ్యూటీ నుంచి వచ్చాక కార్లో కూర్చుని చూద్దాంలే."

వెనకే సంఘంలో అందరికంటే పెద్దావిడ నాగేంద్రమ్మ గారు ఉన్నారు. తెలుగువాళ్ళకు సెన్సార్ అంటే సినిమా తప్ప ఇంకేం గుర్తొస్తుంది? ఎన్నిక జరిగే ఆదివారానికల్లా, యెషయా గారి కారులో సెన్సార్ కాని సినిమాలున్నాయని యమున అవతలి లక్ష్మీ నగర్ దాకా పాకింది. నాకు ఒళ్ళు మండింది. అంత నెమ్మదస్తుడి మీద ఈ మాటలేమిటి? ఇక ఆయనకు ఎవరు చెయ్యెత్తుతారు?

ఎన్నికకు ముందు పాస్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "బ్రదర్, మీ కార్లో సెన్సార్ లేనివి ఉన్నాయంటున్నారు. నిజమేనా?"

"నిజమేనయ్యగారూ. నాలుగున్నాయి."

హాల్లో వెనక వరుసల వాళ్ళు కూడా మెడలు చాచారు.

"దాచేదేముందండీ? రండి, అందరికీ చూపిస్తా" అన్నారు యెషయా గారు.

"ఆడవాళ్ళు ఇక్కడే ఉండండి!" అన్నారు పాస్టర్ గారు కంగారుగా. అప్పటికే నాగేంద్రమ్మ గారు గేటు దాటారు.

యెషయా గారు రోడ్డు మీద గొంతుక్కూర్చుని, ఒక్కో టైరూ తట్టి చూపించి, సంగతంతా చెప్పారు. మేము పడీపడీ నవ్వాం. మేము ఏమనుకున్నామో అప్పుడర్థమై ఆయన ముఖం మాడిపోయింది.

"ఇరవై ఏళ్ళ నుంచి చూస్తన్నారు గదయ్యా నన్ను" అన్నారు.

సిగ్గుతో తలలు వంచుకున్నాం. పాస్టర్ గారు అక్కడే చేతులెత్తమన్నారు. మొదట లేచింది నాగేంద్రమ్మ గారి చెయ్యే. తర్వాత అందరివీ లేచాయి. యెషయా గారు రోడ్డు మీదే సంఘపెద్ద అయ్యి, కళ్ళు తుడుచుకున్నారు.

జనం లోపలికి వెళ్ళిపోతున్నా నాగేంద్రమ్మ గారు కదల్లేదు. కారు అద్దంలోంచి వెనక సీటంతా వెతికి, ఆయన దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు.

"పోనీ, సెన్సార్ అయినవన్నా లేవా నాయనా?"