సగం మిగిలిన కంచం

ఆ వేసవి సెలవుల్లో మా అమ్మాయి తిండి మానేసిందని నేను గట్టిగా నమ్మాను. దానికప్పుడు పదకొండేళ్లు. ఒక్కగానొక్క పిల్ల. చిక్కిపోతుందేమో, లోపల ఏ జబ్బుందోనని నాకు ఒకటే భయం.

మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాం. చెరువు నీటిలో గాలి కలిపే చక్రాలను ఏరేటర్లంటారు. కరెంటు పోయి అవి ఆగితే, రొయ్య ఊపిరాడక గంటల్లో తేలిపోతుంది. అందుకని కరెంటు పోగానే నా ఫోన్ మోగేలా చెరువు గట్టున ఒక పెట్టె బిగించారు. ఇక నిశ్చింతగా ఉండొచ్చన్నాడు బిగించినవాడు. వాడి నిశ్చింత తగలెయ్య! అప్పటి నుంచి ఎవరి ఫోన్ మోగినా నా గుండె దడదడలాడేది. వంటింట్లో మిక్సీ ఆగినా ఉలిక్కిపడేవాణ్ణి. పొద్దున్న లేచేసరికి దవడలు బిగుసుకుపోయి ఉండేవి. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టి తాగాను. మెడ పట్టేస్తే తలగడ మార్చాను. ఛాతీలో బరువుగా ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగాను. ఇన్ని జబ్బులు ఒక్కసారే ఎందుకు కట్టగట్టుకుని వచ్చాయో అర్థం కాలేదు. అన్నీ కలిసి ఒకటే అయ్యుండొచ్చన్న ఆలోచన మాత్రం రాలేదు.

రొయ్యల రైతుకి చెక్ ట్రే చూడటం అలవాటు. వల బిగించిన చిన్న పళ్లెంలో కాస్త మేత వేసి చెరువులో దించుతాం. రెండు గంటలాగి పైకి లాగి చూస్తాం. మేత మిగిలిందంటే రొయ్యకి ఒంట్లో బాగాలేదన్నమాట. వెంటనే మేత తగ్గించి, రోగమేమిటో వెతుకుతాం. ఆ కళ్లతోనే ఇంటికి వచ్చేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం చెరువు నుంచి వచ్చేసరికి వంటింటి గట్టు మీద స్టీలు కంచంలో సగం పప్పన్నం కలిపింది కలిపినట్టే ఎండిపోయి ఉంది. మర్నాడూ అంతే. మూడో రోజు బెండకాయ వేపుడు ముట్టుకున్నట్టే లేదు. ఇంట్లో ఉండేది ముగ్గురం. నా భార్య కంచంలో మెతుకు మిగల్చదు. ఇంకెవరు, పిల్లే.

అప్పుడు నేనన్న మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "రేపటి నుంచి దానికి సగమే పెట్టు," అన్నాను నా భార్యతో.

"అదేంటండీ? ఎదిగే పిల్లకి అన్నం తగ్గించమంటారేంటి?"

"మిగులుతోంది కదా. నాలుగు రోజులు తగ్గించి చూద్దాం."

"పిల్లనుకున్నారా, రొయ్యనుకున్నారా?" అంది ఆవిడ. ఇంకా ఏదో అంటూండగానే ఫోన్ మోగింది. చెప్పులేసుకుని చెరువుకి పరుగెత్తాను.

ఆ తర్వాత భోజనం వేళ పిల్లనే చూస్తూ కూర్చునేవాణ్ణి. "ఏంటి నాన్నా అలా చూస్తావ్?" అని విసుక్కునేది గానీ, నా ఎదురుగా ఉన్నంతసేపూ బాగానే తినేది. మధ్యలో ఫోన్ మోగేది, నేను వెళ్లేవాణ్ణి, తిరిగొచ్చేసరికి గట్టు మీద మళ్లీ సగం కంచం. నేను చూస్తుంటే తిని, వెళ్లగానే మానేస్తోందా? ఎందుకు? నేనంటే భయమా, కోపమా? ఎటు తిప్పి చూసినా లెక్క కుదరలేదు.

చివరికి పిల్లని డాక్టరు గారికి చూపిద్దామన్నాను. వద్దంటుందనుకున్న నా భార్య, "పదండి, నేనూ వస్తాను," అని వెంటనే చీర మార్చుకుంది. అదీ నాకు అర్థం కాలేదు.

భీమవరంలో పిల్లల డాక్టరు గారు అమ్మాయిని మిషన్ ఎక్కించి తూచారు. "బరువు పెరిగిందండి. బాగానే ఉంది."

"మరి కంచంలో రోజూ సగం మిగులుతోందండి," అన్నాను.

"అది నా కంచం కాదు నాన్నా, నీది," అంది మా అమ్మాయి. "ఫోన్ మోగగానే లేచిపోతావు. వచ్చాక అన్నం తినమంటే తినేశానంటావు."

నేను నవ్వబోయాను. నేను తినకపోవడమేంటి? ఆ పొద్దున్న ఏం తిన్నానో గుర్తు చేసుకుందామని చూశాను. ఇడ్లీయా, ఉప్మాయా? అసలు తిన్నానా? ఎంత వెతికినా నోటికి ఏ రుచీ తగల్లేదు.

డాక్టరు గారు నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు. నిద్ర గురించి, దవడల గురించి, గుండెదడ గురించి ఒక్కొక్కటే అడిగారు. "ఇది వేడీ కాదు, గ్యాసూ కాదేమోనండి. ఒత్తిడిలా ఉంది. ఛాతీలో బరువంటున్నారు కాబట్టి ముందు గుండె పరీక్ష చేయించుకోండి. అన్నం తినేటప్పుడు మాత్రం ఆ ఫోన్ ఇంకొకరికి ఇవ్వండి," అని పెద్దవాళ్ల డాక్టరుకి చీటీ రాసిచ్చారు.

బయట వరండాలో నా భార్య మీద విరుచుకుపడ్డాను. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

"నీకు తెలుసు కదా! ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

ఆవిడ ఎదురు అరవలేదు.

"రోజూ చెప్తూనే ఉన్నానండి," అంది. "మీరు ఊఁ అంటున్నారు."