కుమెజో నుదురు

షితాయా పేట సందుల్లో బొమ్మలు అచ్చేసే పనివాళ్ళందరికీ చేతులే ఆస్తి. కుమెజోకు మాత్రం నుదురు.

చెక్కిన చెర్రీ కర్ర పలక మీద రంగు పూసి, పైన తడి కాగితం పరిచి, దాని వీపు మీద బారెన్‌తో రుద్దాలి. బారెన్ అంటే వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్ళ. పొర ఎండిందంటే బిళ్ళ జారదు. కాగితాన్ని పట్టుకు పీకుతుంది. అందుకే ప్రతి పనివాడి మోకాలి దగ్గరా కమీలియా గింజల నూనెలో తడిపిన గుడ్డ ఒకటి ఉంటుంది. బిళ్ళను దానికి అద్దుకుంటూ పని చేసుకుంటారు.

కుమెజో మోకాలి దగ్గర గుడ్డ లేదు. తలకు కట్టుకున్న గుడ్డను బొటనవేలితో పైకి నెట్టి, బిళ్ళను నుదుటి మీద ఈ కణత నుంచి ఆ కణత దాకా ఒక్కసారి లాగుతాడు. అంతే. తర్వాత అది కాగితం మీద చప్పుడు లేకుండా పోతుంది.

చూడ్డానికి జనం వచ్చేవారు. ఎవరైనా గుమ్మంలో నిలబడితే కుమెజో అవసరం లేకపోయినా మరోసారి లాగేవాడు. ముఖం కాస్త వెలుతురు వైపు తిప్పి మరీ.

"అన్నా, ఇంతకీ ఏం తింటావు నువ్వు?" అని తొకుజి అడిగేవాడు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. తొకుజి చిన్నవాడు, పెళ్ళి కానివాడు, నూనె గుడ్డవాడు.

"తింటే వచ్చేది కాదురా. పుట్టుకతో రావాలి."

"నాకు పుట్టుకతో చెవులు పెద్దవి వచ్చాయి. వాటితో ఏమన్నా పనుందా?"

"వాటితో నేను చెప్పింది విను. నూనె గుడ్డ చంటిపిల్లల సరుకు."

లోపల వంటగదిలో కుమెజో భార్య ఇసో దగ్గేది. ఆమెకు ఈ మాట విన్నప్పుడల్లా దగ్గు వచ్చేది.

ఆ ఏడు చలి మొదట్లో నామి గారు స్వయంగా పలకలు మోయించుకుని వచ్చింది. భర్త పోయాక అచ్చు బొమ్మల దుకాణం ఆవిడే నడుపుతోంది. చలికాలపు సముద్రం బొమ్మ. కింద ఒక పడవ, పైన అంతా ఆకాశం. కాగితంలో సగానికి పైగా ఒకే నీలం. బిళ్ళ ఎక్కడ తడబడినా ఆకాశంలో గీత పడుతుంది.

"కొత్త సంవత్సరానికి దుకాణంలో ఉండాలి. ఇది పాడైతే నాకు ఇంకో దారి లేదు కుమెజో గారూ. పలకలు తొకుజి ఇంటికి పంపాల్సి వస్తుంది" అంది నామి గారు.

"తొకుజికి ఆకాశం ఇస్తారా? వాడికి పడవ ఇచ్చినా మునుగుతుంది."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో నూనెలు అమ్మే ఆవిడ బుట్ట దించింది. ఇసో సీసా పట్టుకుని బయటికి వెళ్ళింది. వచ్చినవాళ్ళను నవ్వించాలన్న ఉత్సాహం కుమెజోది.

"చూశారా? ఉన్నది పిడికెడు జుట్టు, పోసేది సీసా నూనె. రాయడం లేదు, తాగుతోందని నా అనుమానం."

నామి గారు నవ్వింది. నూనెల ఆవిడ కూడా నవ్వింది. ఇసో నవ్వలేదు.

"ఇంక చాలు. ఈ ఇంట్లో నూనె సీసా కనిపించకూడదు" అన్నాడు కుమెజో, నవ్వు ఇంకాస్త సాగదీద్దామని.

"అలాగేనండీ. మీరు ఎలా అంటే అలాగే" అంది ఇసో. ఖాళీ సీసా కడిగి, బోర్లించి, నూనెల ఆవిడకు వంగి నమస్కారం పెట్టి పంపేసింది.

పడవ అచ్చు పడింది. అలలు పడ్డాయి. ఆకాశం దగ్గరికి వచ్చేసరికి బిళ్ళ కీచుమంది.

కుమెజో తలగుడ్డ నెట్టి నుదురు రుద్దాడు. మళ్ళీ కీచుమంది. కాగితం ఎత్తి చూస్తే నీలంలో తెల్లటి గీతలు, పిల్లి గోకినట్టు.

తప్పు కాగితానిది అన్నాడు. తడి సరిపోలేదని మళ్ళీ తడిపాడు. తర్వాత తప్పు రంగులో కలిపే బియ్యపు జిగురుది అయింది. తర్వాత వెదురు పొరది. విప్పి కొత్త పొర మెలేసి బిగించాడు. కొత్త పొర కొత్త గొంతుతో కీచుమంది.

చివరికి తప్పు గాలిదని తేలింది. ఉత్తరపు గాలికి నుదురు ఎండిపోయింది, లోపలి నుంచి నూనె ఎక్కించాలి. పిండిలో ముంచి నూనెలో వేయించే టెంపురా బండి దగ్గర నిలబడి రొయ్యలు, వంకాయ, చిలగడదుంప, మళ్ళీ రొయ్యలు తిన్నాడు.

"ఎవరైనా వస్తున్నారా పెద్దాయనా, ఒక్కడివే పెళ్ళి భోజనం చేస్తున్నావు?" అన్నాడు బండివాడు.

"మాట్లాడకుండా వేయించు. నూనె వార్చకు."

ఆ నూనె నుదుటికి ఎక్కలేదు. పొట్టలోనే కాపురం పెట్టింది. మర్నాడు కుమెజో పని బల్ల దగ్గరకన్నా పెరటి గదిలోనే ఎక్కువసేపు ఉన్నాడు. ఇసో ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు వేసి గంజి కాచి తెచ్చింది.

"ఇసో, నీ నుదురు ఇలా తే."

"ఎందుకండీ?"

"పని ఉంది."

బిళ్ళ ఆమె నుదుటి మీద లాగి చూశాడు. లాభం లేదు. ఆమె జుట్టు చీపురులా లేచి ఉంది. అది మాత్రం అతను చూడలేదు.

తొకుజి వచ్చాడు. పాడైన ఆకాశాలు మూలన పేరుకుని ఉండటం చూశాడు. నడికట్టులోంచి తన నూనె గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఉంచుకో అన్నా. ఎవరికీ చెప్పను."

"తీయ్."

"పలకలు తీసుకుంటావా అని నామి గారు నన్ను అడిగింది. రేపు సాయంత్రం ఇక్కడికి వచ్చి చూస్తుందట. నాకు నీ పలకలు వద్దు. అందుకే చెప్తున్నా, ఒక్కసారి అద్దు."

"తీస్తావా, బయట పారేయనా?"

తొకుజి గుడ్డ తీసుకుని వెళ్ళిపోయాడు. అద్దితే ఆకాశం నిలుస్తుంది. నుదురు పోతుంది. ఇన్నేళ్ళూ గుమ్మంలో నిలబడి చూసినవాళ్ళందరికీ ఏం చెప్పాలి?

మర్నాడు పొద్దున్న ఆఖరి ప్రయత్నంగా సొరుగులోంచి పాత బారెన్ తీశాడు. దాన్ని పోయిన వేసవిలో తనే తన పాత తలగుడ్డలో చుట్టి దాచాడు. దానితో రుద్దితే ఆకాశం అద్దంలా పడింది. ఇంకొకటి. ఇంకొకటి.

"చూశావా, ఆ బారెన్‌దే తప్పు" అన్నాడు గోడతో.

కాసేపటికి ఇదీ కీచుమంది. చెమట తుడుచుకుందామని చేతికి అందిన గుడ్డతో ముఖం తుడిచాడు. అది బిళ్ళకు చుట్టిన పాత గుడ్డ. తర్వాత అలవాటుగా బిళ్ళను నుదుటి మీద లాగాడు. మళ్ళీ అద్దం.

కుమెజో ఆగాడు. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇసో జుట్టు వాసన. ఇన్నాళ్ళూ అది ఇంటి వాసన అనుకున్నాడు. అసలు అది ఒక వాసన అని కూడా అనుకోలేదు. వారం పదిరోజులుగా ఆ వాసన ఇంట్లో లేదని ఇప్పుడు తెలిసింది.

వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. ఇసో ముల్లంగి తరుగుతోంది.

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళైన ఏడాది నుంచి" అంది ఆమె, కత్తి ఆపకుండా. "నా దువ్వెనలు తుడిచిన గుడ్డ పొరపాటున తలకు కట్టుకుపోయారు. గురువు గారు మీ నుదురు మెచ్చుకున్నారని సాయంత్రం వచ్చి ఒకటే చెప్పడం. అన్నం తింటూ చెప్పారు. పడుకుని కూడా చెప్పారు. అంత సంబరపడేవాడికి ఏం చెప్తాం? మర్నాడు మళ్ళీ కావాలి కదా అని రోజూ మీ గుడ్డకు అద్దుతూ వచ్చా."

"చెప్పాల్సింది."

"ఎప్పుడు? మీరు ఆపితేగా."

కుమెజో ముల్లంగిని చూశాడు. తర్వాత ఇసో తలను చూశాడు. ఈసారి చూశాడు.

"నీ జుట్టు ఎండిపోయింది. ఏం బాగాలేదు. నూనె తెప్పించుకో."

"నా జుట్టుకేనా?"

"నీ జుట్టుకే." వెనక్కి తిరిగి రెండడుగులు వేసి ఆగాడు. "కాస్త ఎక్కువే తెప్పించు."

"ఓషిమా నూనె అయితేనే. మామూలుది నా జుట్టుకు పడదు."

"సరే."

"నామి గారి ముందు చెప్పాలి, నేను తాగడం లేదని."

కుమెజో వెళ్ళి పని బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇసో పక్కింటికి వెళ్ళి గిన్నెతో నూనె బదులు తెచ్చి, ఉతికిన తలగుడ్డ మీద చుక్కలు చల్లి, నాలుగు మడతలు పెట్టి బల్ల పక్కన ఉంచింది. అతను కట్టుకున్నాడు.

సాయంత్రం నామి గారు ఆకాశాలను ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి చూసింది. ఎక్కడా గీత లేదు. వెనకే వచ్చిన తొకుజి బిత్తరపోయాడు. కుమెజో, ఇసో నూనె తాగదని, అది తన పొరపాటని నామి గారికి చెప్పాడు. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. అయినా మర్యాదకు తలూపింది.

"అన్నా, నిజం చెప్పు. నుదురు మళ్ళీ ఎలా వచ్చింది? పుట్టుకతో వచ్చిందేనా?" అన్నాడు తొకుజి.

కుమెజో తలగుడ్డ పైకి నెట్టి, బిళ్ళను ఈ కణత నుంచి ఆ కణత దాకా లాగాడు. వెలుతురు వైపు తిరగలేదు.

"ముందు పెళ్ళి చేసుకోరా" అన్నాడు.

ఆ సాయంత్రం వంటగదిలో దగ్గు వినపడలేదు.