అడ్రసు అడిగిన పెద్దమనిషి

మా ఏలూరు వాళ్ల మర్యాదను ఎవరైనా పొగిడితే నాకు ఒళ్లు మండుతుంది. మర్యాద మంచిదే, కాదనను. కానీ రైల్లో పక్కన కూర్చున్నవాణ్ణి కూడా "ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ?" అని ఆరా తీసి, అతను అడగకపోయినా మన సంగతులూ, మనకు తెలిసినవాళ్ల సంగతులూ అన్నీ వొలకబోసి, అదంతా మంచితనం అనుకుంటాం చూడండి, దాని మీదే నా కోపం.

మా ఆవిడ సారమ్మకు ఆ జబ్బు లేదు. ఆవిడ చలపతిరావు గారనే వకీలు దగ్గర చాలా ఏళ్లుగా గుమాస్తా. కోర్టుకు దగ్గర్లో రెండు గదుల ఆఫీసు. ముందు గదిలో బెంచీల మీద కూర్చున్న క్లయింట్లు ఒకరినొకరు "మీదేం కేసండీ?" అని మొదలుపెడితే, సారమ్మ తల ఎత్తి, "ఏవండీ, ఎవరి కేసు వాళ్లు చూసుకోండి" అనేది. లోపల వకీలు గారి గొంతు పెరిగితే లేచి వెళ్లి తలుపు మూసేది. తప్పుపడ్డ కాగితాలు పకోడీల బండికి పొట్లాలై పోకుండా ముక్కలు ముక్కలుగా చింపేది. భీమడోలు స్కూల్లో పిల్లలతో అరిచి అరిచి ఇంటికొచ్చిన నేను, ఏదో ఊసుపోక "ఇవాళెవరొచ్చారు సారా?" అంటే, "క్లయింట్లు" అని చెప్పి గరిటె తిప్పుకునేది. మా చర్చిలో ఆడవాళ్లు ఆవిడకి పొగరన్నారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను లెండి.

గృహహింస చట్టం కొత్తగా వచ్చిన రోజులవి, 2007 ఎండాకాలం. కొల్లేటికోట నుంచి బేబీరాణి అనే అమ్మాయి చేతికి కట్టుతో వాళ్ల ఆఫీసు మెట్లెక్కింది. ఆ చెయ్యి విరగ్గొట్టింది మొగుడు నాగదుర్గారావు. చేపల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు, తాగితే మనిషి కాడు. మళ్లీ కనిపిస్తే చెరువులో తొక్కేస్తానని ఊరందరి ముందూ అన్నాడట. చలపతిరావు గారు కేసు వేశారు. సారమ్మ ఆ పిల్లకి ఏలూరు పక్కనే వట్లూరులో, రిటైరైన నర్సు తులసిగారి ఇంట్లో ఓ గది చూసిపెట్టింది. చెయ్యి నయమయ్యాక అక్కడే ఒక టైలర్ షాపులో పని కూడా దొరికింది. ఆ అడ్రసు ఆఫీసులో ఇద్దరికే తెలుసు, వకీలుగారికీ మా ఆవిడకీ. ఇవన్నీ నాకు తెలిసింది తర్వాతే. అప్పటికి నాకు ఆ పిల్ల పేరు కూడా తెలియదు.

ఒకరోజు సారమ్మ కోర్టులో పని చూసుకుని ఆఫీసుకు వచ్చేసరికి వరండాలో బకెట్టు, అందులో కొర్రమీనులు కొట్టుకుంటున్నాయి.

"ఈ చేపలెక్కడివండీ?" అని వకీలుగారిని అడిగింది.

"బేబీరాణి మేనమామ తెచ్చాడమ్మా. సత్తియ్యగారని, ఎంత నెమ్మదస్తుడనుకున్నావు! తల్లి మంచం పట్టిందట, పిల్లని ఒక్కసారి చూసి కబురు చెప్పి వెళ్తానన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు పాపం."

"అడ్రసు చెప్పారా?"

"మేనమామ కదమ్మా!"

"అయ్యో, వాళ్లది మేనరికమండీ! ఆ పిల్లని చేసుకున్నది ఆ మేనమామ కొడుకే కదండీ!"

చూశారా! తనెవరో చెప్పడంలో సత్తియ్య ఒక్క అబద్ధమూ ఆడలేదు. మేనమామే. మామగారు కూడా అవుతానన్న ముక్క మింగాడంతే. కొల్లేరు చుట్టూ మేనరికాలు మామూలే, ఆ సంగతి చలపతిరావు గారికి తెలియదా? కేసులో ఆయనే రాయించారు! కానీ తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన చేపలు పట్టుకొచ్చి, చేతులు కట్టుకుని "అయ్యా" అనేసరికి కరిగి నీరైపోయారు. చదువుకున్నవాళ్ల బుద్ధి కూడా ఇంతేనా అని నాకు ఇప్పటికీ మండుతుంది.

సారమ్మ ఇంటికి ఫోన్ చేసింది. బడికి సెలవులు, నేను ఇంట్లోనే ఉన్నాను. "ఏవండీ, బండి తీసుకుని వెంటనే రండి" అంది. ఎక్కడికని అడిగితే ఫోన్ పెట్టేసింది. ఆ ఎండలో ఆవిణ్ణి స్కూటర్ మీద ఎక్కించుకుని వట్లూరు పోనిచ్చాను. దారిలో ఒక్క మాటే అంది, "కాస్త తొందరగా పోనివ్వండి, వాడు దాన్ని చంపేస్తాడు."

మేం వెళ్లేసరికి తులసిగారి ముందు గదిలో సత్తియ్యా, నాగదుర్గారావూ కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతున్నారు! తులసిగారు నవ్వుతూ ఎదురొచ్చారు. "అల్లుడుగారు వచ్చారండీ సారమ్మగారూ, మేనమామగారే దగ్గరుండి తీసుకొచ్చారు. ఆ పిల్లేమో సిగ్గుపడి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది."

సిగ్గట! లోపలి నుంచి వెక్కిళ్లు వినపడుతున్నాయి. సారమ్మ వెళ్లి గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

"కాఫీ తాగారా అండీ? ఇంక లేవండి."

"మా ఆవిడతో మాట్లాడాలండీ" అన్నాడు నాగదుర్గారావు, ఎంతో మెత్తగా.

"కోర్టులో మాట్లాడుదురు గాని. లేస్తారా, వీధంతా పోగయ్యేలా అరవమంటారా?"

అరవనే అరిచింది కూడా. అంత గొంతు ఉందని నాకే తెలియదు. పక్కిళ్లవాళ్లు గుమ్మంలోకి వచ్చారు, నేను సెల్ తీసి పోలీసులకు ఫోన్ కలిపాను. సత్తియ్య కొడుకు చెయ్యి పట్టుకుని లేపాడు. నాగదుర్గారావు చెప్పులేసుకుంటూ మా వైపు తిరిగి, "ఇల్లు చూశాం కదండీ. మళ్లీ వస్తాం లెండి" అన్నాడు. వెళ్లొస్తామండీ అన్నంత మర్యాదగా అన్నాడు, దరిద్రుడు!

ఆ ఒక్క మాటతో ఆ పిల్ల వట్లూరులో బతకడం అయిపోయింది. ఉన్న నీడ పోయింది, దొరికిన పని పోయింది. తులసిగారు ఉండిపొమ్మని ఏడుస్తూ బతిమాలినా లాభం లేదు. బట్టలు సంచీలో కుక్కుకుంటూ బేబీరాణి సారమ్మని అడిగింది, "ఎవరికీ తెలీదన్నారు కదండీ మేడంగారూ, ఎలా వచ్చారండీ?" సారమ్మ ఆ సంచీ తనే అందుకుంది. ఇద్దరూ ఆటో ఎక్కి వెళ్లారు. నన్ను ఇంటికి పొమ్మంది. ఎక్కడికని నేను అడగలేదు, ఆ రోజుకి నాకూ అంత బుద్ధి వచ్చింది.

మర్నాడు ఆవిణ్ణి ఆఫీసు దగ్గర దింపి, నేనూ లోపలికి వెళ్లాను. ఏదైనా గొడవైతే నేనూ రెండు అంటించాలని. చలపతిరావు గారు మొహం వేలాడేసుకుని కూర్చున్నారు.

"పోన్లే అమ్మా, ఏమీ కాలేదుగా. ఇప్పుడెక్కడుంది ఆ అమ్మాయి?"

"చెప్పనండి."

"నేను ఆ అమ్మాయి వకీలునమ్మా!"

"మీరు వకీలనే కదండీ ఆ అడ్రసు మీకు చెప్పాను. వాయిదా రోజున కోర్టుకు నేనే తీసుకొస్తాను."

ఆయన మొహం ఎర్రబడింది. "నన్నేం చెయ్యమంటావు చెప్పు? అంత పెద్దవాడు ఎదురుగా కూర్చుని అడిగితే, నాకు తెలియదని అబద్ధం ఆడమంటావా?"

"ఇప్పుడా ఇబ్బంది లేదు కదండీ" అంది సారమ్మ. "మళ్లీ ఆయనొచ్చి అడిగితే తెలీదనే చెప్పండి. అబద్ధం కాదు."