ఒకేలా కనిపించిన రెండు ఫీడ్ పంపులు

2022 వానాకాలం. ముత్తంగిలో రింగ్‌రోడ్డు కూడలికి కొంచెం ఇవతల, సర్వీసు రోడ్డు మీద నేను షెడ్డు పెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు. లారీ మెకానిక్‌నే కానీ ఇంజిన్ మొత్తం విప్పేవాణ్ణి కాదు. ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపులు, ఇంజెక్టర్లు, ఫిల్టర్లు, ఇవే నా పని. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. ఇంట్లో ఒక తెలుగు, షెడ్డులో ఒక తెలుగు మాట్లాడుతూ పెరిగాను. పటాన్‌చెరు, సంగారెడ్డి ఫ్యాక్టరీల సరుకు మోసే బండ్లు నా షెడ్డు ముందు నుంచే పోతాయి. వాటి డ్రైవర్లు చాలామందికి నా పేరు తెలుసు.

ఆ ఏడు నా చేతి మీదుగా వెళ్లిన ఒక బండి గురించి రాస్తున్నాను. ఇన్నాళ్లూ ఇది పోలీసు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా రాతలో లేదు.

ముందు ఫీడ్ పంప్ అంటే ఏమిటో చెప్పాలి. లారీ ట్యాంకు కింద ఉంటుంది, ఇంజిన్ పైన ఉంటుంది. డీజిల్‌ను ట్యాంకులోంచి లాగి, ఫిల్టర్ దాటించి, ఇంజెక్షన్ చేసే పెద్ద పంపుకు అందించే చిన్న పంపే ఫీడ్ పంప్. అరచేతిలో పడుతుంది. పాత తరహా ఇంజిన్లలో పెద్ద పంపు పక్కనే మూడు బోల్టులతో బిగించి ఉంటుంది. దాని నెత్తిన చేత్తో కొట్టే ఒక పిడి ఉంటుంది, దాన్ని హ్యాండ్ ప్రైమర్ అంటాం. లైన్లో గాలి చేరితే ఆ పిడిని పైకీ కిందికీ కొట్టి గాలి వెళ్లగొడతాం. ఈ చిన్న పంపు సరిపడా డీజిల్ అందించకపోతే ఎంత పెద్ద ఇంజినైనా ఆగిపోవలసిందే.

పంపు మార్చాలంటే మూడు దారులు. బండి తయారుచేసిన కంపెనీ సొంత మాల్ ఒకటి. వేరే కంపెనీలు అదే కొలతలకు చేసి అమ్మేది రెండోది, దాన్ని ఆఫ్టర్‌మార్కెట్ అంటారు. మూడోది పేరు దొంగిలించి చేసిన నకిలీ. నకిలీని నేను ఎప్పుడూ షెడ్డులోకి రానివ్వలేదు. ఆఫ్టర్‌మార్కెట్ పంపులు మాత్రం వందల కొద్దీ బిగించాను, వాటిలో మంచివి చాలా ఉన్నాయి. చిక్కల్లా ఎంపికలో ఉంటుంది. ఒకే రకం పంపులు రెండు బయటి నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి, అవే మూడు బోల్టులు, అవే పైపు మూతులు. లోపలి ప్లంజర్, అంటే డీజిల్‌ను తోసే కడ్డీ, ఒకదానిలో సన్నగా, ఇంకోదానిలో లావుగా ఉంటుంది. ఒకటి చిన్న ఇంజిన్‌కు, రెండోది టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే భాగం, ఉన్న పెద్ద ఇంజిన్‌కు. ఈ రెండింటిలో ఏ పంపైనా ఆ రెండు ఇంజిన్ల మీదా చక్కగా కూర్చుంటుంది. ప్రమాదం అక్కడే.

మల్లేశం జోగిపేట అవతల ఒక ఊరి రైతు. యాభై దాటాయి. తన లారీని తానే నడుపుకునేవాడు. ఫ్యాక్టరీల నుంచి ఇనుప రేకుల చుట్టలు వేసుకుని జహీరాబాద్ వైపు, ఇంకా అవతలికి పోయేవాడు. నాకు ఎనిమిదేళ్ల పరిచయం. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. బండి కింద నేను పడుకుంటే తానూ పక్కన గొంతుక్కూర్చుని, పానా అందిస్తూ, ప్రతి భాగం పేరు అడిగి తెలుసుకునేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం బండి తెచ్చాడు. పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయిస్తోందని, లోడు మీద దగ్గుతోందని చెప్పాడు. ఫీడ్ పంప్ విప్పి చూస్తే లోపలంతా అరిగిపోయి ఉంది. మార్చాల్సిందే. దాని ఒంటి మీద నంబరు కూడా మాసిపోయింది. కంపెనీ డీలరుకు ఫోన్ చేస్తే రెండు రోజులు పడుతుందన్నాడు. మల్లేశానికి మర్నాడు తెల్లవారే లోడు ఉంది. బండి రాకపోతే ఫ్యాక్టరీ డిస్పాచ్ అతను వేరే లారీని పిలుచుకుంటాడు, ఒకసారి పోయిన వంతు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. బయటి కంపెనీది మంచిది ఉంటే వేయమన్నాడు.

పటాన్‌చెరులో నాకు తెలిసిన స్పేర్ పార్టుల దుకాణానికి ఫోన్ చేసి ఇంజిన్ పేరు చెప్పాను. అరగంటలో పంపు వచ్చింది. పేరున్న కంపెనీదే, డబ్బా సీలు కూడా సరిగ్గా ఉంది. డబ్బా మీద ఇంజిన్ల జాబితాలో మల్లేశం బండి ఇంజిన్ పేరు కనిపించింది. అక్కడితో చూడటం ఆపేశాను. అదే పేరుతో రెండు ఇంజిన్లు ఉన్నాయి, టర్బో లేనిది ఒకటి, ఉన్నది ఒకటి. ఏ పంపు దేనికో ఆ పేరు కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

పంపు బిగించాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఫిల్టర్ దగ్గర డీజిల్ ఒత్తిడి చూపే ప్రెజర్ గేజ్ పెట్టి, ఇంజిన్‌ను పూర్తి వేగానికి లేపి, ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడాలి. పది నిమిషాల పని. ఆ రోజు వాన మొదలైంది, గేజ్ ఇంకో బండికి తగిలించి ఉంది, ఆ బండి యజమాని తొందర పెడుతున్నాడు. నేను హ్యాండ్ ప్రైమర్ కొట్టి చూశాను, చేతికి గట్టిగానే తగిలింది. ఇంజిన్ ఒక్క తాకుకు స్టార్ట్ అయింది. ఖాళీ బండిని కూడలి దాకా నడిపి తెచ్చాను. ఎక్కడా దగ్గలేదు.

స్టీరింగ్ ముందు కూర్చున్నాక మల్లేశం కిందికి వంగి అడిగాడు.

"తమ్మీ, లోడు మీద ఎత్తు గుంజుతదా?"

"గుంజుతదన్నా. ఫికర్ చెయ్యకు."

మర్నాడు ఉదయం ఆరుంపావుకు ఫోన్ వచ్చింది. నేను ఇంట్లో టీ తాగుతున్నాను. సంగారెడ్డి దాటాక ఒక వంతెన ఎత్తు ఎక్కుతుంటే బండి గుంజడం మానేసి ఆగిపోయిందని, మళ్లీ స్టార్ట్ కావడం లేదని మల్లేశం చెప్పాడు. లైన్లో గాలి చేరి ఉంటుందనుకున్నాను. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయేదాకా ప్రైమర్ కొట్టమన్నాను. ఆయన ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, ఎక్కడో ఆనించి, కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. నురగ వస్తోందా అని అడిగాను. వస్తోందన్నాడు. ఇంకా కొట్టమన్నాను.

తర్వాత ఒక పెద్ద చప్పుడు వినిపించింది. మల్లేశం ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. చాలాసేపు బండ్లు పోతున్న శబ్దం, వాన శబ్దం తప్ప ఏమీ లేదు. తర్వాత ఎవరో ఫోన్ తీసి కట్ చేశారు.

జరిగింది ఇది. వంతెన మీద బండి పక్కకు తీసే జాగా లేదు. వెనకాల వచ్చిన బస్సు చివరి క్షణంలో పక్కకు తప్పుకుంది. బస్సు వెనకే మోటార్‌సైకిల్ మీద వస్తున్న మనిషికి ఆగి ఉన్న లారీ అప్పటిదాకా కనపడలేదు. నేరుగా వచ్చి లారీ వెనక భాగాన్ని గుద్దుకున్నాడు. ఆయన పేరు అంజయ్య. మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. పొద్దుటి షిఫ్టుకు పోతున్నాడు. నేను బైకు మీద అక్కడికి చేరేసరికి ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలోనే పోయాడని పోలీసు ఒకాయన ఫోన్లో ఎవరికో చెబుతుంటే విన్నాను. రోడ్డు మీద ఇసుక చల్లుతున్నారు. మల్లేశం పోలీసు జీపులో కూర్చుని ఉన్నాడు. చేతులకు ఇంకా డీజిల్ ఉంది. నన్ను చూశాడు.

బండి ఆగిన చోట వెనకాల, వచ్చేవాళ్లకు దూరం నుంచే కనపడేలా ఎర్ర త్రికోణం పెట్టాలి. అది మల్లేశం సీటు కిందే ఉంది. పెట్టలేదు. ఫోన్ చేసినప్పుడు నేను మొదట అడగాల్సింది బండి ఎక్కడ ఆగింది, వెనక ఏమైనా పెట్టావా అని. నేను నురగ గురించి అడిగాను.

మల్లేశం మీద నిర్లక్ష్యం వల్ల మరణం కేసు పెట్టారు. నాలుగు రోజులకు బెయిల్ వచ్చింది. బండిని వెహికల్ ఇన్‌స్పెక్టర్ చూశాడు. బ్రేకులు, లైట్లు బాగున్నాయని, ఇంజిన్ స్టార్ట్ కావడం లేదని రాశాడు. పంపు జోలికి ఎవరూ పోలేదు. పదకొండో రోజున బండిని విడిచిపెడితే, ఇంకో లారీకి కట్టి నా షెడ్డుకే లాక్కొచ్చాడు మల్లేశం. ఆ రోజు తెల్లవారుజామున తాను పోయించిన డీజిల్‌లో చెత్త ఉందేమో, ట్యాంకు కడగమన్నాడు.

ట్యాంకు శుభ్రంగానే ఉంది. గాలి తీసి స్టార్ట్ చేసి, అప్పుడు గేజ్ పెట్టాను. నిదానంగా తిరుగుతున్నప్పుడు ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. వేగం పెంచే కొద్దీ కిందికి జారింది. పూర్తి వేగానికి వచ్చేసరికి దాదాపు అడుగంటింది. ఇంజిన్ నంబరు చూసి, డబ్బా తీసి, చిన్న అక్షరాలు చదివాను. నేను బిగించింది టర్బో లేని ఇంజిన్ పంపు. ఖాళీ బండికి సరిపోతుంది. ఇనుము నింపుకుని ఎత్తెక్కే బండికి చాలదు; డీజిల్ చాలని చోట లైన్లో గాలి చేరి ఇంజిన్ ఆగిపోతుంది.

మల్లేశం బయట పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. డీజిల్‌లో చెత్త ఉందని చెబితే నమ్మేవాడు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది, అది దాచను. కాసేపు లోపలే నిలబడ్డాను. తర్వాత బయటికి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా తప్పని, పంపు వేరేదని, పరీక్ష చేయకుండా పంపానని చెప్పాను.

ఆయన టైరు మీంచి లేచి నిలబడ్డాడు.

"గిన్ని దినాల సంది నేనే ఏదో గేరు తప్పేసిన అనుకుంటున్న తమ్మీ," అన్నాడు. "నిద్ర పడ్తలేదు. కాలు క్లచ్చు మీద ఎట్ల వెట్టిన, ఏం జేసిన అని అదే యాది."

తర్వాత అడిగాడు. "గిది స్టేషన్‌ల చెప్తవా?"

చెప్తానన్నాను. మర్నాడు వెళ్లాను. తెలిసిన ఒక వకీలు ముందే హెచ్చరించాడు, అడగనిది చెప్పి మెడకు తగిలించుకోవద్దని. ఎస్సై నా మాటలు రాసుకున్నాడు, పంపునూ డబ్బానూ తీసుకున్నాడు. త్రికోణం పెట్టని తప్పు మాత్రం డ్రైవర్‌దే, అది ఎటూ పోదన్నాడు. అది నిజమే. కేసు ఇంకా నడుస్తోంది. అందులో ఇప్పుడు మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మల్లేశం బండి అమ్మేశాడు. మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. పొలం పని చూసుకుంటున్నాడు. దసరాకు ఫోన్ చేస్తే ఎత్తుతాడు, ఆరోగ్యం అడుగుతాడు, బండ్ల మాట మాత్రం ఎత్తడు.

నేను స్టేషన్‌లో చెప్పిన రెండు వారాలకు అంజయ్య భార్య నా షెడ్డుకు వచ్చింది. పేరు స్వరూప. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అతను కోపంగా ఉన్నాడు, గేటు దగ్గరే ఆగిపోయాడు. ఆమె లోపలికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. తిడుతుందనుకున్నాను, దానికి సిద్ధంగానే ఉన్నాను.

"గా పంపు ఏదో సూపియ్యన్నా," అంది.

విప్పిన పంపు స్టేషన్‌లో ఉంది. అలాంటిదే ఇంకొకటి, ఆ బండికి వేయాల్సినది ఒకటి తెప్పించి బల్ల మీద పెట్టుకున్నాను. ఎందుకు తెప్పించానంటే చెప్పలేను. ఆ రోజుల్లో పని లేనప్పుడు వాటినే చూస్తూ కూర్చునేవాణ్ణి. రెండూ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను. ఆమె ఒక్కొక్క చేతిలో ఒక్కోటి పట్టుకుని, తిప్పి తిప్పి చూసింది.

"రెండు ఒక్క తీర్గనే ఉన్నయి గదా."

"బయటికి ఒక్క తీర్గనే ఉంటయమ్మా. లోపల తేడా."

"ఆ తేడా సూడాల్నంటే ఎంతసేపు పడ్తది?"

"పది నిమిషాలు."

ఆమె తల ఊపింది. పంపులు రెండూ బల్ల మీద జాగ్రత్తగా, చప్పుడు కాకుండా పెట్టింది. చేతికంటిన నూనెను కొంగుకు తుడుచుకుంది.

"నాకైతే తెల్వదన్నా," అంది. "నీకు తెల్వాలె గదా."

తమ్ముణ్ణి పిలుచుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు నా షెడ్డులో రెండు గేజ్‌లు ఉన్నాయి. ఇంజిన్ నంబరు నా కళ్లతో చూడకుండా పంపు తెప్పించను, గేజ్ పెట్టకుండా ఏ బండినీ కదలనివ్వను. తొందరపడే డ్రైవర్లు వేరే చోటికి పోతున్నారు, పోనీ. రోడ్డు మీద ఆగి ఫోన్ చేసేవాళ్లను బండి ఎక్కడుందో, వెనక ఏం పెట్టారో అడిగాకే ఇంకో మాట మాట్లాడతాను. కొత్తగా ఈ పని నేర్చుకునేవాళ్లు మంచి పంపు ఏ కంపెనీది అని అడుగుతుంటారు. కంపెనీ పేరు తర్వాత సంగతి అంటాను. చూసేవాళ్లకు ఒకేలా కనిపించే రెండు వస్తువుల మధ్య తేడా తెలిసినవాళ్లమని నమ్మి జనం మన దగ్గరికి వస్తారు. ఆ తేడా నాకు తెలుసు. ఆ రోజు చూడలేదు.